కాస్త గట్టిగా చెప్పండి

మనవాళ్ళలో చూపు తగ్గడం తలవంపుల వ్యవహారం కాదు. ఎనిమిదో తరగతి పిల్లాడికి కళ్ళజోడు వస్తే "పాపం, రాత్రీ పగలూ చదువుతున్నాడు" అని చుట్టాలంతా మెచ్చుకుంటారు. అదే వినికిడి తగ్గితే మాత్రం "చెవిటి మాలోకం" అన్న బిరుదు సిద్ధంగా ఉంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదే సామెత ఉండనే ఉంది. అందుకేనేమో, అక్షరాలు అలుక్కుపోతే వారం తిరక్కుండా కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం, మాటలు అలుక్కుపోతుంటే ఏళ్ళ తరబడి ఎదుటివాళ్ళ గొంతునో, ఫోన్ కంపెనీనో తిట్టుకుంటూ గడిపేస్తాం.

సాంకేతిక విషయాలు రాసే ఈ శీర్షికలో చెవుల గొడవ ఎందుకంటారా? వై2కే రోజుల్లో పాతికేళ్ళ వయసులో సూట్‌కేసులో ఆవకాయ సీసా పెట్టుకుని దిగిన తరం ఇప్పుడు యాభై దాటింది. పాతికేళ్ళుగా కాన్ఫరెన్స్ కాల్స్ మీదే బతుకుతున్నాం. ఏటా ఆరు నెలలు ఉండి వెళ్ళే అమ్మానాన్నలకి డెబ్బై దాటాయి. పిల్లల చెవుల్లోంచి ఇయర్ బడ్స్ నిద్రపోయేటప్పుడు కూడా ఊడవు. ఒకే ఇంట్లో మూడు తరాల చెవులకి మూడు రకాల ముప్పు. పైగా ఈ నాలుగేళ్ళలో అమెరికాలో చెవి మిషన్ల చట్టాలూ, ధరలూ, సాఫ్ట్‌వేరూ బాగా మారిపోయాయి. ఆ మార్పులు మన వాళ్ళలో చాలామందికి తెలిసినట్టు లేదు.

ముందు చెవి పనితనం కొంచెం చూద్దాం. కర్ణభేరి అదిరితే దాని వెనకాల ఉన్న మూడు బుల్లి ఎముకలు ఆ అదురుని లోపలి చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఒకటి ఉంటుంది. దాన్నే కాక్లియా అంటారు. చుట్లు విప్పి సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు. మొదట్లో కీచు శబ్దాలకీ, చివర్లో బొంగురు శబ్దాలకీ స్పందిస్తుంది. అంటే మన భాషలో చెప్పాలంటే, వచ్చిన శబ్దాన్ని ఏ పౌనఃపున్యం ఎంత ఉందో విడగొట్టి మెదడుకి పంపించే స్పెక్ట్రమ్ ఎనలైజర్. ఈ అమరికని కనిపెట్టినందుకే గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ గొట్టంలో చెవికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. మనం పుట్టినప్పుడు వచ్చిన స్టాకు అంతే. పోయినవి మళ్ళీ రావు. కోళ్ళకి మాత్రం మళ్ళీ మొలుస్తాయి! ఆ సంగతి 1980ల చివర్లో బయటపడ్డప్పటినుంచీ మనుషుల్లో కూడా మొలిపించాలని శాస్త్రవేత్తలు తంటాలు పడుతూనే ఉన్నారు. అంతవరకూ ఉన్నవాటిని కాపాడుకోవడమే మనం చెయ్యగలిగింది.

వాటికి మొదటి శత్రువు చప్పుడు. చప్పుడుని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇది లాగరిథమిక్ కొలత అని మనకి కాలేజీలో చెప్పారు, పరీక్ష రాసి మరిచిపోయాం. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే గంట. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలు! కార్మిక చట్టాన్ని అమలు చేసే ఓషా మాత్రం 90 దగ్గర మొదలుపెట్టి, ఐదేసి డెసిబెల్స్‌కి సగం చేస్తూ, 100 దగ్గర 2 గంటలు ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన చెవి ఒప్పుకోవాలని లేదు. నేనైతే నయోష్ లెక్కే నమ్ముతాను.

ఇప్పుడు మన బాంకెట్ హాళ్ళ సంగతి. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ, గ్రాడ్యుయేషన్ పార్టీలకీ డీజే లేకపోతే జనం రారని ఒక నమ్మకం. పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప "పప్పు ఇలా ఇవ్వండి" అన్న మాట వినపడదు. పక్కన కూర్చున్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడి చప్పుడు చెవికి చేటు చేసే స్థాయిలో ఉన్నట్టే లెక్క. ఐఫోన్ ఉన్నవాళ్ళు నయోష్ వాళ్ళ సౌండ్ లెవెల్ మీటర్ ఆప్ ఉచితంగా దింపుకుని కొలిచి చూడొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. సగటు చప్పుడు 100 డెసిబెల్స్ దాటకూడదు, వచ్చినవాళ్ళకి ఇయర్ ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి, కాసేపు చెవులకి విశ్రాంతి ఇచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి ఉండాలి. మన సంఘాల సంబరాల్లో గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, బొట్టు పెడతారు కదా, ఆ పళ్ళెం పక్కనే ఇంకో పళ్ళెంలో నురుగు ప్లగ్స్ పెడితే ఎంత ఖర్చవుతుంది? స్పీకర్ల ముందు గంతులేసే చిన్నపిల్లలకైతే చెవుల మీద పెట్టే మఫ్‌లు తప్పనిసరి అంటాను.

పార్టీ మర్నాడు చెవుల్లో హోరు వచ్చి, రెండ్రోజుల్లో తగ్గిపోతే "ఏమీ కాలేదు" అనుకుంటాం. హార్వర్డ్‌కి చెందిన కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు 2009లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, వినికిడి పరీక్షలో అంతా మామూలుగా అయిపోయాక కూడా రోమకణాలకీ నాడులకీ మధ్య ఉండే కనెక్షన్లు చాలా శాశ్వతంగా తెగిపోయి ఉండటం చూశారు. నిశ్శబ్దమైన గదిలో అన్నీ వినిపిస్తూ, గోలలో మాత్రం మాట పట్టుబడకపోవడానికి మనుషుల్లో కూడా ఇదొక కారణం కావచ్చని అనుమానం.

హెడ్‌ఫోన్స్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్, పిల్లలకైతే 75. ఫోన్‌లోనే ఈ లెక్క చూపించే ఏర్పాట్లు ఇప్పుడు ఉన్నాయి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ విలాసం అనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. విమానం రొదే 80 పైచిలుకు ఉంటుంది. దాని మీద బాలు పాట వినాలంటే ఇంకా పైకి పెంచుతాం. రొదని తగ్గిస్తే పాటని పెంచక్కరలేదు. హైదరాబాదు వెళ్ళొచ్చే ఇరవై పై గంటల ప్రయాణంలో ఆ తేడా చిన్నదేం కాదు.

"వినిపిస్తోంది, అర్థం కావట్లేదు"

వయసు వల్ల కానీ, చప్పుడు వల్ల కానీ వచ్చే చెముడు సాధారణంగా కీచు శబ్దాల దగ్గర మొదలవుతుంది. మాటలో అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో గట్టిగా ఉంటాయి. స, శ, త, ప, క లాంటి హల్లులు ఎక్కువ పౌనఃపున్యంలో మెత్తగా ఉంటాయి. కాబట్టి మాట గట్టిగానే వినిపిస్తుంది, కానీ ఏ మాటో తెలీదు. కాలు, పాలు, తాలు అన్నీ "ఆలు" అవుతాయి. నాన్నగారు "వినిపిస్తోందిరా, నువ్వే సరిగా మాట్లాడట్లేదు" అంటే ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆయనకి అక్షరాలా అలాగే ఉంది.

ఇక్కడ మన పరిస్థితి ఇంకాస్త చిక్కు. తెలుగు అజంత భాష. మాట చివర్లో అచ్చు ఉంటుంది, అదెలాగూ వినిపిస్తుంది. ఇంగ్లీషులో అర్థమంతా చివరి హల్లులో దాక్కుంటుంది. "వుయ్ కెన్ డిప్లాయ్" అన్నాడా, "వుయ్ కాంట్ డిప్లాయ్" అన్నాడా? అమెరికన్ నోట్లో ఆ చివరి ట్ సగం మింగుడుపడి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన భాష కాకపోతే గోలలో దాన్ని పట్టుకోవడం మరీ కష్టమని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. చెవులు బాగున్నప్పుడే ఇదీ కథ. నలభై ఐదేళ్ళకి పైపౌనఃపున్యాలు కాస్త తగ్గాక, మీటింగ్‌లో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఏమవుతుంది? మనం దాన్ని యాస కింద జమకట్టేస్తాం. "ఆ టెక్సాస్ మేనేజర్ మాట నాకు మొదట్నించీ అర్థం కాదు" అంటాం. రెండుసార్లు అడిగి, మూడోసారి మొహమాటపడి నవ్వేసి తలూపుతాం. అవతలివాళ్ళేమో మనిషి నెమ్మదించాడు, చర్చల్లో పాల్గొనట్లేదు అనుకుంటారు. ఏడాది చివర రివ్యూలో ఆ ముక్కే వస్తుంది. వీసాలో ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. అరగంట పరీక్షతో తేలే విషయాన్ని కమ్యూనికేషన్ స్కిల్స్ ఖాతాలో పెట్టి, ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

ఫోన్‌ది ఇంకో పేచీ. పాతకాలపు టెలిఫోన్ లైను 300 నించి 3400 హెర్ట్జ్ దాకానే మోసుకొస్తుంది. స, ఫ ల బలమంతా అంతకంటే పైన ఉంటుంది. అందుకే కస్టమర్ సర్వీసుకి పేరు చెప్పాల్సొస్తే "ఎస్ ఫర్ సామ్, ఎఫ్ ఫర్ ఫ్రాంక్" అని సహస్రనామం చదవాల్సి వస్తుంది. ఇండియాలో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మామూలు ఫోన్ కన్నా వాట్సాప్ లాంటి ఇంటర్నెట్ కాల్ మేలు. కనెక్షన్ బాగుంటే పైపౌనఃపున్యాలు కూడా వస్తాయి. వీడియో పెడితే పెదాలు కూడా కనిపిస్తాయి. పెదాలు చదవడం అందరం తెలియకుండా చేస్తూనే ఉంటాం. మాస్కులు పెట్టుకున్న 2020లో ఎందరికో తమ చెముడు అప్పుడే బయటపడింది.

ఇక పరీక్ష. ఆడియాలజిస్టు ఒక గదిలో కూర్చోబెట్టి, 250 నించి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం ఎంత మెల్లగా ఉంటే వినిపిస్తోందో గీత గీస్తారు. అదే ఆడియోగ్రామ్. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర వచ్చిన అంకెల సగటు గుర్తుపెట్టుకుంటే చాలు. షుగరు, బీపీ అంకెలు గుర్తుపెట్టుకోమా? అలాగే ఇదీ. 20 లోపు ఉంటే బాగున్నట్టు. 20 నించి 35 దాకా స్వల్పం, 35 నించి 50 దాకా మధ్యరకం, ఆ పైన గట్టి చెముడు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ. యాభై ఏళ్ళకి ఒకసారి చేయించుకుని ఆ కాగితం దాచుకుంటే, తరవాత పోల్చుకోడానికి పనికొస్తుంది.

అమ్మనో, అత్తగారినో తీసుకెళ్తే ఒక్క జాగ్రత్త. స్వరాల పరీక్షకి భాషతో పనిలేదు. తరవాత చేసే మాటల పరీక్షకి ఉంది. అక్కడ వాడే ఇంగ్లీషు జాబితాలో బేస్‌బాల్, హాట్‌డాగ్, కౌబాయ్ లాంటి మాటలుంటాయి. తెనాలిలో డెబ్బై ఏళ్ళు గడిపిన పెద్దావిడ హాట్‌డాగ్‌ని తిరిగి పలకలేకపోతే తప్పు చెవిది కాదు. ఆ సంగతి ముందే చెప్పి, మాటల పరీక్ష ఫలితాన్ని అంతగా పట్టించుకోవద్దని అడగాలి. తెలుగు మాటలతో పరీక్ష కావాలంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం లాంటి చోట్లకి ఇండియా వెళ్ళినప్పుడు వెళ్ళడం మంచిది.

గుబిలి గురించి నాలుగు ముక్కలు. చెవి తనంతట తానే గుబిలిని బయటికి నెట్టుకుంటుంది. పిన్నీసులూ, తల పిన్నులూ, దూది పుల్లలూ దాన్ని లోపలికి దట్టిస్తాయి, ఒక్కోసారి కర్ణభేరిని చిల్లు పొడుస్తాయి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. వేడి నూనె వద్దు. చీము కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా ఏ నూనే వద్దు. గట్టిపడిన గుబిలిని మెత్తబరిచే చుక్కలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. గుబిలి అడ్డుపడి వచ్చిన చెముడు అయితే డాక్టరు తీసెయ్యగానే చెవుల తుప్పు వదిలినట్టుంటుంది.

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి. ఒక ఉదయం లేచేసరికి, లేదా రెండు మూడు రోజుల్లో, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు అయితే అది జలుబే అనుకుని కూర్చోకూడదు. లోపలి చెవి దెబ్బతినడం వల్ల వచ్చే హఠాత్ చెముడు కావచ్చు. దానికి స్టెరాయిడ్స్‌తో వైద్యం ఉంది, కానీ రెండు వారాల లోపే, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. నోరు మూసుకుని "మ్‌" అని గొంతులో రాగం తీసి చూడండి. మూసుకున్న చెవిలోనే ఎక్కువ మోగితే గుబిలో, జలుబో అయ్యే అవకాశం ఎక్కువ. బాగున్న చెవి వైపుకి మోత వెళ్ళిపోతే అనుమానించాలి. ఇది ఇంటి చిట్కా మాత్రమే, పరీక్షకి బదులు కాదు. ఈ దేశంలో ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ ఆరు వారాలకి గానీ దొరక్కపోవచ్చు. ఫోన్ తీసినవాళ్ళతో "చెవి దిబ్బడ" అనకండి. "సడన్ హియరింగ్ లాస్" అని ఆ మూడు మాటలే చెప్పండి. అయినా వినకపోతే అర్జంట్ కేర్‌కో, ఎమర్జెన్సీకో వెళ్ళండి.

చెవి మిషన్ కళ్ళజోడు కాదు

కళ్ళజోడు పెట్టుకోగానే లోకం స్పష్టంగా కనిపిస్తుంది. చెవి మిషన్‌తో అలా కుదరదు. చెముడు ఉన్న చెవికి మెల్లటి శబ్దాలు వినపడవు, కానీ గట్టి శబ్దాలు మామూలు చెవికి లాగే గట్టిగా వినిపిస్తాయి. "వినపడట్లేదు" అని, మనం గొంతు పెంచగానే "అరుస్తావేం?" అని అదే మనిషి విసుక్కోవడంలో వైరుధ్యమేమీ లేదు. కాబట్టి అన్నిటినీ ఒకే మోతాదులో పెంచితే లాభం లేదు. మెల్లటివాటిని ఎక్కువ, గట్టివాటిని తక్కువ, అది కూడా ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఒక్కోలా పెంచాలి. దీన్నే డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అంటారు. రెండు మైకులకి శబ్దం చేరే కాలంలో తేడా చూసి ఎదుటివాళ్ళ మాటని మిగతా గోలనించి వేరు చెయ్యడం, ఈల వెయ్యకుండా ఫీడ్‌బ్యాక్‌ని అణచడం, ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో, చిన్న బ్యాటరీ మీద జరగాలి. పూర్తి డిజిటల్ మిషన్లు 1996లో బజారులోకి వచ్చాయి. ఈ అయిదారేళ్ళుగా న్యూరల్ నెట్‌వర్క్‌ని చిప్‌లోనే పెట్టి మాటని గోలనించి విడదీసేవి వస్తున్నాయి. రియల్ టైమ్ ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకి ఇది ఎంత గొప్ప పనో తెలుస్తుంది.

పెట్టుకున్న మొదటి వారం ఫ్రిజ్ రొద, కాగితం చప్పుడు, తన గొంతే తనకి డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండటం, అన్నీ చిరాకే. ఏళ్ళుగా వినని శబ్దాలని పక్కన పెట్టడం మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. మూడో రోజే తీసి బీరువాలో పెట్టేవాళ్ళే మనలో ఎక్కువ. ముందు ఇంట్లో, నిశ్శబ్దంలో, రోజుకి కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. పెళ్ళి హాల్లో మొదటి పరీక్ష పెట్టకూడదు.

ధరల కథ మారిన తీరు చూడండి. ఆడియాలజిస్టు దగ్గర జత నాలుగు వేల డాలర్లు దాటడం మామూలే. ఒరిజినల్ మెడికేర్ వీటికి డబ్బు ఇవ్వదు. 2017లో కాంగ్రెస్ చట్టం చేస్తే, దానికి అనుగుణంగా ఎఫ్‌డీఏ నియమాలు రాసి, 2022 అక్టోబరు 17 నించి ప్రిస్క్రిప్షన్ లేకుండా షాపులో కొనుక్కునే మిషన్లని అనుమతించింది. పద్దెనిమిదేళ్ళు నిండి, స్వల్పం నించి మధ్యరకం చెముడు ఉన్నవాళ్ళకే ఇవి. 2024 సెప్టెంబరులో ఇంకో అడుగు వేసి, ఎయిర్‌పాడ్స్ ప్రో 2ని చెవి మిషన్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌కి అనుమతి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే చెవి మిషన్‌గా అనుమతి పొందడం అదే మొదలు. 250 డాలర్ల పరికరం, ఐఫోన్‌లోనే పరీక్ష. బ్యాటరీ రోజంతా రాదు, పొద్దస్తమానం చెవిలో ఉంచుకోవడం హాయిగా ఉండదు. కానీ "నాకేం చెముడు లేదు" అని భీష్మించుకున్న మనిషికి, అది మిషన్‌లా కనిపించకపోవడమే పెద్ద సుగుణం. నా ఉద్దేశంలో రుచి చూడటానికి ఇది బాగుంటుంది, రోజువారీ భోజనానికి కాదు. మధ్యేమార్గం కావాలంటే కాస్ట్‌కో లాంటి చోట పరీక్ష, అమరిక కలిపి పదిహేను వందల డాలర్ల ప్రాంతంలో జత దొరుకుతుంది. హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ డబ్బు వీటికీ, బ్యాటరీలకీ వాడుకోవచ్చు. వచ్చిపోయే తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఒక చెవిలోనే చెముడో, హోరో ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా, నొప్పి, చీము, రక్తం ఉన్నా షాపు మిషన్ జోలికి పోకుండా ముందు డాక్టరుకి చూపించాలి.

ఆఫీసు విషయానికొస్తే, 1990 నాటి వికలాంగుల చట్టం పదిహేను మంది, ఆ పైన ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది. పౌరసత్వంతో నిమిత్తం లేదు, హెచ్-1 మీద ఉన్నవాళ్ళకీ అదే చట్టం. మీటింగులకి క్యాప్షన్లు, మంచి మైకు, గోల లేని సీటు, ముఖ్యమైన నిర్ణయాలు రాతలో పంపించడం, ఇవన్నీ అడగొచ్చు. ఎలా అడగాలో తెలియకపోతే జాబ్ ఎకామడేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది. జూమ్, టీమ్స్, మీట్ మూడింటిలోనూ క్యాప్షన్లు ఉన్నాయి. ఎవరినీ అడక్కుండానే పెట్టుకోవచ్చు. మన పేర్లని అవి చేసే హింస వేరే సంగతి. ఇంట్లో గూగుల్ వారి లైవ్ ట్రాన్‌స్క్రైబ్ తెలుగు మాటలని కూడా తెర మీద రాసి చూపిస్తుంది. 2019లో వచ్చిన ఈ ఆప్‌ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన దిమిత్రి కనేవ్‌స్కీకి చిన్నప్పటినుంచీ వినపడదు.

చెముడుకీ మతిమరుపుకీ సంబంధం ఉందన్న మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం 2024 నివేదికలో డిమెన్షియాకి దారితీసే, మనం మార్చుకోగలిగిన 14 కారణాల్లో దీన్నీ చేర్చింది. అలాగని మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదని ప్రకటనలు చెబితే నమ్మకండి. 2023లో అచీవ్ అనే ప్రయోగంలో 70 నించి 84 ఏళ్ళ వయసున్న 977 మందిని మూడేళ్ళు చూశారు. మొత్తం మీద తేడా కనపడలేదు. అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్న ఒక గుంపులో మాత్రం క్షీణత 48 శాతం నెమ్మదించింది. నాకు అంతకన్నా పెద్ద కారణం వేరే కనిపిస్తుంది. భాష రాని దేశంలో, పగలంతా తలుపులేసి ఉన్న ఇంట్లో, సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మనవల మాటలు కూడా అందకపోతే ఆ పెద్దాయన ఎవరితో మాట్లాడతాడు? నెమ్మదిగా టీవీ ముందుకి జరిగిపోతాడు. మనం "నాన్నకి ఇక్కడ తోచట్లేదు" అని టికెట్టు ముందుకి జరుపుతాం.

వాళ్ళతో మాట్లాడేటప్పుడు వంటింట్లోంచి కేకెయ్యడం మానేసి, దగ్గరికి వెళ్ళి, మొహం వెలుతురులో ఉండేలా ఎదురుగా నిలబడి, ముందు పిలిచి తరవాత విషయం చెప్పాలి. అరవక్కరలేదు, కాస్త నిదానిస్తే చాలు. ఒక వాక్యం అందకపోతే అదే వాక్యాన్ని మూడుసార్లు అనకుండా మాటలు మార్చి చెప్పాలి. టీవీ కట్టెయ్యాలి. "ఏం లేదులే, వదిలెయ్" అన్న మాట మాత్రం అనకూడదు. వినపడనివాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునే మాట అదే, అదేం చిత్రమో గానీ అది మాత్రం స్పష్టంగా వినపడుతుంది.